సివిల్ 3డీలో సర్వే పాయింట్లు మాయమయ్యాయా? లేయర్లు కెలికే ముందు ఒక్కసారి లెక్క చూడండి

రాత్రి పదిన్నరకి మా బావ ఫోన్. అంత లేట్‌గా చేశాడంటే మా అక్కతో గొడవైనా అయ్యుండాలి, ల్యాప్‌టాప్ అయినా హ్యాంగ్ అయ్యుండాలి.

"ఒరేయ్, సగం చెరువు కనబడట్లేదురా" అన్నాడు.

బావ సివిల్ ఇంజినీర్. నల్గొండ వైపు ఒక చెరువు పూడికతీత పనికి లెవెల్స్ తీయించాడు. సుమారు 30 ఎకరాల చెరువు, 10 మీటర్ల గ్రిడ్‌లో పాయింట్లు. ఆ పాయింట్లని ఆటోడెస్క్ సివిల్ 3డీలోకి ఇంపోర్ట్ చేస్తే ఒక వైపు నిండుగా కనిపిస్తోంది, రెండో వైపు చివర్లో చిన్న ముక్క తప్ప మిగతాదంతా ఖాళీ. పొద్దున్నే డ్రాయింగ్ ఇవ్వాలి.

"పోతే పోయింది, రేపు మళ్లీ తీయించు బావా" అన్నాను నేను, తెలివితక్కువగా.

"ఎలా తీయిస్తాన్రా? నిన్ననే జేసీబీలు దిగాయి. తవ్వేశారు."

అప్పుడర్థమైంది సీరియస్‌నెస్. ఎంత మట్టి తీశారో తేల్చాలంటే తవ్వక ముందు నేల లెవెల్, తవ్వాక లెవెల్ రెండూ కావాలి. బిల్లు వచ్చేది ఆ రెండింటి మధ్య తేడా మీదే. తవ్వక ముందు లెవెల్ ఒక్కసారే దొరుకుతుంది. నేల మారిపోయాక దాన్ని ఏ రోవర్ కూడా మళ్లీ చూపించలేదు.

ఫోన్ రివ్యూల మధ్య ఈ చెరువు గోలేంటి అనుకోకండి. ఇందులో ఆండ్రాయిడ్ ఉంది, వాట్సాప్ ఉంది, మనం రోజూ చేసే ఒక ఫైల్ తప్పు కూడా ఉంది. సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్స్ ఉంటే వాళ్లకి నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్లకి డీబగ్గింగ్ కథలా చదువుకోవచ్చు.

డేటా ఎలా వస్తుంది?

ఇప్పుడు చాలా సర్వేలు ఆర్‌టీకే రోవర్‌తో చేస్తున్నారు. ఒక కర్ర మీద జీఎన్‌ఎస్‌ఎస్ రిసీవర్ ఉంటుంది. బేస్ స్టేషన్ నుంచి కరెక్షన్లు తీసుకుని సెంటీమీటర్ల స్థాయిలో పొజిషన్ ఇస్తుంది. మన ఫోన్‌లో జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అయినా మనం పట్టించుకోం, ఇక్కడ అలా కుదరదు. కర్రకి బిగించి ఉండే కంట్రోలర్ చాలా వరకు ఆండ్రాయిడ్ డివైసే, కింద పడినా పగలని మందపాటి ఫోన్ అన్నమాట. అందులో ఒక యాప్. పాయింట్ తీసిన ప్రతిసారీ ఒక నంబర్ పెరుగుతుంది. సాయంత్రం సీఎస్‌వీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి వాట్సాప్‌లో పంపిస్తారు.

ఆ ఫైల్‌లో ఒక్కో లైన్‌కి ఐదు విషయాలు ఉంటాయి. పాయింట్ నంబర్, నార్తింగ్, ఈస్టింగ్, ఎలివేషన్, డిస్క్రిప్షన్. వీటి మొదటి అక్షరాలు కలిపి పీ ఎన్ ఈ జెడ్ డీ ఫార్మాట్ అంటారు. ఎలివేషన్‌కి జెడ్ అని గుర్తు. ఇంపోర్ట్ అప్పుడు సివిల్ 3డీకి ఈ వరస చెప్పాలి. అది దానంతట అది కనిపెట్టదు.

లేవా, కనిపించడం లేదా?

బావ అప్పటికే గంటన్నర నుంచి లేయర్లు ఆన్, ఆఫ్ చేస్తున్నాడు. అది తప్పు కాదు కానీ వరస తప్పు. మా ఆఫీసులో "యూజర్ స్క్రీన్ మీద ఆర్డర్ కనిపించట్లేదు" అని టికెట్ వస్తే నేను ముందు డేటాబేస్‌లో ఆ ఆర్డర్ ఉందా అని చూస్తాను. ఉంటే స్క్రీన్ సమస్య, లేకపోతే డేటా సమస్య. రెండూ వేర్వేరు బగ్‌లు, రెండింటికీ మందు వేరు. లేని పాయింట్ కోసం లేయర్లు వెతికితే తెల్లారిపోతుంది, పాయింట్ మాత్రం రాదు.

సివిల్ 3డీలో ఆ చెక్ నిమిషం పని. టూల్‌స్పేస్‌లో ప్రాస్పెక్టర్ ట్యాబ్ తెరిచి పాయింట్స్ మీద క్లిక్ చేస్తే కింద లిస్ట్ వస్తుంది. నంబర్ వారీగా సార్ట్ చేసి చివరిదాకా వెళ్లండి. ఇంకోపక్క సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరి లైన్ మీద కర్సర్ పెడితే కింద లైన్ నంబర్ కనిపిస్తుంది. రెండు అంకెలూ సరిపోతే పాయింట్లు డ్రాయింగ్‌లో ఉన్నట్టే. దాక్కున్నాయి, అంతే.

"ఎన్నున్నాయి బావా?"

"640."

"తీసినవి ఎన్ని?"

"ఏమో రా, రెండు రోజులు తీశారు."

ఈ "ఏమో" ఉంది చూశారూ, అసలు సమస్య అక్కడే ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అయితే మీకు ఎదురయ్యే కేసుల్లో ఎక్కువ శాతం లెక్క సరిపోయేవే అయ్యుంటాయి కాబట్టి ముందు అవి చెప్పేస్తాను, తర్వాత చెరువు దగ్గరికి వెళ్దాం.

లెక్క సరిపోయింది, అయినా కనిపించట్లేదు

మొదట స్కేల్ సంగతి. నల్గొండ ప్రాంతం యూటీఎం 44 నార్త్ జోన్‌లో ఉంటుంది. అక్కడ నార్తింగ్ 18 లక్షల 80 వేల మీటర్ల చుట్టుపక్కల, ఈస్టింగ్ 3 లక్షల పైచిలుకు వస్తుంది. అంటే మీ పాయింట్లు డ్రాయింగ్ మూలబిందువు సున్నా, సున్నా నుంచి దాదాపు 1,900 కిలోమీటర్ల దూరంలో పడతాయి. టెంప్లేట్‌లో ఎవరో టైటిల్ బ్లాక్‌ని సున్నా దగ్గర వదిలేసి ఉంటే జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టినా స్క్రీన్ ఖాళీగానే కనిపిస్తుంది. ఒక మూల టైటిల్ బ్లాక్ చుక్క, ఇంకో మూల మీ చెరువు చుక్క, మధ్యలో సగం దేశం. ప్రాస్పెక్టర్ లిస్ట్‌లో ఒక పాయింట్ మీద రైట్ క్లిక్ చేసి జూమ్ టు అంటే నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. ఈ ఒక్క క్లిక్‌తో సగం కేసులు తీరిపోతాయని నా నమ్మకం.

జూమ్ టు కొట్టినా ఖాళీగానే ఉంటే పాయింట్ గ్రూప్స్ చూడండి. సివిల్ 3డీలో పాయింట్ ఎలా కనిపించాలో చాలాసార్లు గ్రూప్ నిర్ణయిస్తుంది. ఒకే పాయింట్ రెండు మూడు గ్రూపుల్లో ఉండొచ్చు, అప్పుడు లిస్ట్‌లో పైన ఉన్న గ్రూప్ మాటే చెల్లుతుంది. కొన్ని టెంప్లేట్‌లలో "నో డిస్‌ప్లే" అనే గ్రూప్ రెడీగా ఉంటుంది, దాని పాయింట్ స్టైల్, లేబుల్ స్టైల్ రెండూ నన్. అది పైకి జరిగిందంటే మొత్తం సర్వే అదృశ్యం. పాయింట్ గ్రూప్స్ ప్రాపర్టీస్‌లో బాణం గుర్తులతో దాన్ని కిందకి దించితే అన్నీ తిరిగొస్తాయి. ఫేస్‌బుక్ ప్రైవసీ సెట్టింగ్స్ లాంటి గందరగోళమే, కాకపోతే ఇక్కడ కనీసం ఒక వరస ఉంది.

ఆ తర్వాతే లేయర్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాయింట్ ఆబ్జెక్ట్‌కి ఒక లేయర్, దాని స్టైల్‌లో మార్కర్‌కీ లేబుల్‌కీ వేరే లేయర్లు ఉండొచ్చు. ఏ ఒక్కటి ఫ్రీజ్ అయినా తేడా కొడుతుంది. పైగా డిస్క్రిప్షన్ కీలు వాడితే "టీఆర్" అని మొదలయ్యేవన్నీ చెట్ల లేయర్‌లోకి, "ఈపీ" అన్నవన్నీ కరెంటు స్తంభాల లేయర్‌లోకి వాటంతటవే వెళ్లిపోతాయి. ఆ లేయర్ ఫ్రీజ్ అయి ఉంటే స్తంభాలు మాత్రమే మాయమవుతాయి, మిగతావన్నీ బాగానే ఉంటాయి. ఈ కీలు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకుంటాయి. సర్వేయర్ ఒకరోజు క్యాపిటల్స్‌లో, ఇంకోరోజు స్మాల్‌లో కొట్టాడంటే ఒకే రకం పాయింట్లు రెండు చోట్లకి పోతాయి.

ఇంకో కేసు, "మా దగ్గర కనిపిస్తున్నాయి, కాంట్రాక్టర్ దగ్గర కనిపించట్లేదు" అనేది. అవతలివాళ్లు మామూలు ఆటోక్యాడ్ వాడుతుంటే ఈ పాయింట్లు వాళ్లకి ప్రాక్సీ ఆబ్జెక్టులు. సేవ్ చేసేటప్పుడు ప్రాక్సీగ్రాఫిక్స్ విలువ 0 ఉంటే వాళ్లకి బొమ్మ వెళ్లదు. దాన్ని 1 చేసి సేవ్ చేయండి, లేదా ఎక్స్‌పోర్ట్ టు ఆటోక్యాడ్ కమాండ్‌తో మామూలు డ్రాయింగ్‌గా మార్చి పంపండి. అలాగే ఆటోక్యాడ్ మామూలు పాయింట్లకి పీడీమోడ్ అనే సెట్టింగ్ ఉంది. దాని విలువ 1 పెడితే పాయింట్ అసలు ఏమీ గీయదు. "ఏమీ చూపించకు" అనే ఆప్షన్‌కి కూడా ఒక నంబర్ కేటాయించినవాళ్లకి దండం.

ఉన్నాయి, కానీ వేరే ఊళ్లో

నార్తింగ్, ఈస్టింగ్ తారుమారైతే లెక్క సరిగ్గానే ఉంటుంది, ఎర్రర్ రాదు, చెరువు మాత్రం నల్గొండలో ఉండదు. నేను సరదాకి లెక్కేశాను. 44 నార్త్ జోన్‌లో ఈ రెండూ మార్చి వేస్తే మన పాయింట్లు సుమత్రా దీవికి పడమర హిందూ మహాసముద్రంలో తేలతాయి. చెరువుకి నీళ్లు రావాలని కోరుకున్నాం గానీ ఇన్ని కాదు.

జోన్ తప్పితే ఇంకో తమాషా. యూటీఎంలో ఒక్కో జోన్ 6 డిగ్రీల వెడల్పు ఉంటుంది. 43, 44 జోన్ల మధ్య గీత 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది మన రాష్ట్రాల మీదుగానే పోతుంది. హైదరాబాద్, నల్గొండ, విజయవాడ 44లో ఉంటే జహీరాబాద్, అనంతపురం 43లో ఉంటాయి. నల్గొండ పాయింట్లు వేసి డ్రాయింగ్ సెట్టింగ్స్‌లో 43 అని పెట్టి ఆన్‌లైన్ మ్యాప్ ఆన్ చేస్తే వెనకాల మహారాష్ట్రలో రత్నగిరి తీరం కనిపిస్తుంది. సరిగ్గా 6 డిగ్రీలు పడమరకి జరిగినట్టు.

దీన్ని పట్టుకోవడానికి సివిల్ 3డీ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లో సీఎస్‌వీ తెరిచి, ఈస్టింగ్‌ని అడ్డంగా, నార్తింగ్‌ని నిలువుగా పెట్టి స్కాటర్ చార్ట్ గీయండి. చెరువు ఆకారం వస్తుంది. అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తే కాలమ్స్ మారినట్టే. సైట్‌లో నిలబడే ఈ చెక్ చేసేయొచ్చు. ల్యాప్‌టాప్ ఉంటే క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది. అందులో డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్‌గా వేసి ఈపీఎస్‌జీ 32644 ఎంచుకుంటే మ్యాప్ మీదే కనిపిస్తుంది.

లెక్క తప్పింది: చెరువు కేసు

ఇక మా బావ దగ్గరికి. 640 దగ్గర ఆగాం కదా. సర్వేయర్‌కి ఫోన్ కలిపాం. పాపం నిద్రలో ఉన్నాడు, అయినా ఎత్తాడు.

"మొదటి రోజు 640 సార్. రెండో రోజు 585."

కలిపితే 1,225. డ్రాయింగ్‌లో ఉన్నది 640. మొదటి రోజు లెక్కకి అచ్చుగుద్దినట్టు సమానం. ఇలాంటి అంకె కాకతాళీయంగా రాదు. మొదటి రోజువే ఉన్నాయేమో అనుకున్నాను, కానీ స్క్రీన్ మీద నిండుగా ఉన్నది రెండో రోజు తీసిన వైపు అని బావ అంటున్నాడు. మరి ఆ చివర్లో ఉన్న చిన్న ముక్క? దాని నంబర్లు చదవమన్నాను. 586 నుంచి 640.

దొరికింది. రెండో రోజు సర్వేయర్ కంట్రోలర్‌లో కొత్త జాబ్ ఓపెన్ చేశాడు. కొత్త జాబ్ కాబట్టి నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలయ్యాయి. బావ మొదటి ఫైల్ ఇంపోర్ట్ చేసి, మర్నాడు రెండోది ఇంపోర్ట్ చేస్తే సివిల్ 3డీ అడిగింది, ఈ నంబర్లు ఆల్రెడీ ఉన్నాయి, ఏం చేయమంటావ్ అని. అక్కడ కొన్ని దారులుంటాయి. తర్వాతి ఖాళీ నంబర్ వాడటం, ఇంత కలుపు అని ఆఫ్‌సెట్ ఇవ్వడం, ఫలానా నంబర్ నుంచి వరసగా వేయడం, మెర్జ్, ఓవర్‌రైట్. బావ ఓవర్‌రైట్ ఎంచుకుని, అన్నింటికీ ఇదే వర్తించు అన్న చోట టిక్ పెట్టి ఓకే కొట్టాడు. 1 నుంచి 585 దాకా మొదటి రోజు పాయింట్ల స్థానంలో రెండో రోజువి వచ్చి కూర్చున్నాయి. మిగిలిన 55 మాత్రం మొదటి రోజువి. 585, 55 కలిపితే 640.

సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు. అడిగింది, మనం చెప్పింది చేసింది. కానీ మూడు ఫైళ్లు, నాలుగు ఫోన్ కాల్స్ మధ్య ఉన్న మనిషికి ఆ డైలాగ్ బాక్స్ యాప్ పర్మిషన్ లాంటిదే. చదవకుండా అలౌ కొట్టేస్తాం.

సరే, మొదటి రోజు ఫైల్ మళ్లీ ఇంపోర్ట్ చేస్తే అయిపోతుంది కదా? అక్కడే రెండో దెబ్బ. సర్వేయర్ రెండు రోజులూ ఫైల్‌కి "లెవెల్స్" అనే పేరే పెట్టాడు. బావ రెండోది అదే ఫోల్డర్‌లో సేవ్ చేస్తూ రీప్లేస్ అన్నాడు. అంటే ఒకే తప్పు రెండుసార్లు, ఒకసారి విండోస్‌లో, ఒకసారి సివిల్ 3డీలో. రోవర్ అద్దెది, కంట్రోలర్‌తో సహా వెనక్కి వెళ్లిపోయింది. ఆటోక్యాడ్ సేవ్ చేసేటప్పుడు పాత వెర్షన్‌ని డాట్ బ్యాక్ ఫైల్‌గా ఉంచుతుంది, దాన్ని డీడబ్ల్యూజీ అని పేరు మార్చి తెరిచాం. కానీ ఓవర్‌రైట్ అయ్యాక బావ రెండుసార్లు సేవ్ చేశాడు, అందులోనూ 640 పాయింట్లే.

ఫోన్‌లో రెండు నిమిషాలు ఎవ్వరం మాట్లాడలేదు. ఈ పాయింట్లు లేకుండా సర్ఫేస్ చేస్తే ఏమవుతుందో బావకి తెలుసు. సివిల్ 3డీ ఉన్న పాయింట్ల మధ్య త్రిభుజాలు గీసి ఖాళీని నింపేస్తుంది. చూడ్డానికి చక్కగా ఉంటుంది, ఎర్రర్ రాదు. కానీ పోయిన 585 పాయింట్లు అంటే సుమారు 58,500 చదరపు మీటర్ల నేల. అక్కడ లెవెల్ 10 సెంటీమీటర్లు తేడా వచ్చినా 5,850 క్యూబిక్ మీటర్ల మట్టి లెక్క తప్పుతుంది. టిప్పర్‌కి 10 క్యూబిక్ మీటర్లు వేసుకున్నా 585 ట్రిప్పులు. ఎవరో ఒకరి జేబులోంచి పోయే డబ్బు అది. పైగా కింద సంతకం బావది.

చివరికి కాపాడింది వాట్సాప్. ఫైల్ ల్యాప్‌టాప్‌లో పోయినా, మొదటి రోజు సాయంత్రం బావ దాన్ని తన ఫోన్‌లో ఒకసారి ఓపెన్ చేసి చూశాడు. అంటే డౌన్‌లోడ్ అయింది. ఫైల్స్ యాప్‌లో ఆండ్రాయిడ్, మీడియా ఫోల్డర్ల లోపల వాట్సాప్ డాక్యుమెంట్స్ ఉంటుంది. అక్కడ డేట్ వారీగా సార్ట్ చేయమన్నాను. లెవెల్స్ ఒకటి, దాని కిందే ఇంకో లెవెల్స్. తెరిస్తే చివరి లైన్ నంబర్ 640.

ఆ తర్వాత పని పది నిమిషాలే. కొత్త డ్రాయింగ్, మెట్రిక్ టెంప్లేట్, జోన్ 44. మొదటి రోజు ఫైల్ ఇంపోర్ట్ చేస్తూ "డే 1" అనే పాయింట్ గ్రూప్‌లోకి వేశాం. రెండో రోజు ఫైల్‌కి డూప్లికేట్ నంబర్ల దగ్గర ఆఫ్‌సెట్ 1000 ఇచ్చి "డే 2" గ్రూప్‌లోకి వేశాం. 1001 నుంచి 1585 దాకా వచ్చాయి. లిస్ట్‌లో మొత్తం 1,225. సర్ఫేస్ రీబిల్డ్ చేస్తే చెరువు గట్టు నుంచి గట్టు దాకా నిండింది. టైమ్ పన్నెండున్నర.

ఎక్సెల్‌ని నమ్మకండి

లెక్క తగ్గడానికి ఇంకో పెద్ద కారణం ఎక్సెల్. సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి, చూడ్డానికి బాగుంటుందని నంబర్లకి కామాలు పెట్టి సేవ్ చేస్తే ఫైల్‌లో కూడా ఆ కామాలే పడతాయి. 3,15,420.125 లో మనకి కనిపించేది ఒక నంబర్. కామా ఫార్మాట్‌లో ఇంపోర్ట్‌కి కామా అంటే గోడ. ఆ లైన్ల గతి ఇక చెప్పక్కర్లేదు. డిస్క్రిప్షన్‌లో "గుడి, మూల" అని కామా కొట్టినా తలనొప్పే. 1-2 అని డిస్క్రిప్షన్ ఇస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. స్క్రీన్ మీద రెండు దశాంశాలే చూపిస్తుంటే సీఎస్‌వీలోకి ఆ రెండే వెళ్తాయి, మిల్లీమీటర్లు గాల్లో కలిసిపోతాయి. చూడాలంటే నోట్‌ప్యాడ్‌లో చూడండి. ఎక్సెల్‌లోనే చూస్తానంటే కాపీ తీసుకుని చూడండి, ఒరిజినల్ ఫైల్‌ని రీడ్ ఓన్లీ చేసి పెట్టుకోండి.

ఇవన్నీ ప్రయోగం చేసి చూడాలనుకునే స్టూడెంట్స్‌కి ఆటోడెస్క్ ఎడ్యుకేషన్ లైసెన్స్ ఉచితంగా ఇస్తుంది, కాలేజీ ప్రూఫ్ పెట్టాలి. సివిల్ 3డీ విండోస్‌కే ఉంది, మ్యాక్‌బుక్ వాళ్లు ఫ్రెండ్ ల్యాప్‌టాప్ చూసుకోండి. పదేసి పాయింట్లతో రెండు చిన్న ఫైళ్లు చేసి, రెండింటికీ 1 నుంచి నంబర్లు వేసి, ఓవర్‌రైట్ ఏం చేస్తుందో, ఆఫ్‌సెట్ ఏం చేస్తుందో ఒకసారి చూడండి.

బావ ఇప్పుడు సర్వేయర్‌తో ఫైల్ పేరులో తేదీ పెట్టిస్తున్నాడు. రెండో రోజు నంబర్లు 1001 నుంచే మొదలుపెట్టమంటున్నాడు. మొన్న మళ్లీ రాత్రి ఫోన్ చేశాడు. ఎత్తగానే, "పాయింట్లు కనబడట్లేదు, కానీ లెక్క సరిపోయింది రా" అన్నాడు. నేను ఏదో చెప్పేలోపే, "ఆగు, దొరికింది. నో డిస్‌ప్లే పైన కూర్చుంది" అని పెట్టేశాడు.